చోడిపిండిలో నూలు

మిల్లు లేఆఫ్ పెట్టిన పదకొండో రోజు
మా వంటింటిని పగటిపూట చూశాను.
ఇరవై రెండేళ్ల షిఫ్టుల్లో
వంటిల్లంటే నాకు
జీరో బల్బు, మూతేసిన కంచం.

ఆదెమ్మ తెల్లారగట్ల నెల్లిమర్లలో పాసింజరెక్కి
విజయనగరం హాస్టల్లో వంటకి పోతుంది.
ఇక్కడ ఎసరు నేనే పెట్టాలి.
ఆ సాయంత్రం బియ్యం డబ్బా వెనకనుంచి లేచిందొకటి,
సగం బూడిద, సగం రాగిరంగు,
ఎటు పోవాలో తెలీని ఎగురుడు.
రెండు చేతులూ చరిచాను.
అరచేతిలో కాస్త పొడి.
మళ్లీ ఒకటి. మళ్లీ చరిచాను.
అప్పుడే వచ్చిన ఆదెమ్మ గుమ్మంలో నిలబడి
"ఎవులికి కొడతన్నావు సప్పట్లు,
జీతమిచ్చినారేటి?" అంది.

మర్నాడు చోడిపిండి డబ్బా మూత తిప్పితే
లోపల ఎవరో నేస్తున్నారు.
సన్నటి పోగు, పోగుకి వేలాడే పిండిరవ్వలు,
మూత మరల్లో కూడా అల్లిక.
కళ్లకన్నా ముందు వేళ్లు గుర్తుపట్టాయి,
తెగిన నూలుని నడిచే మిషను మీదే
ముడేసిన వేళ్లు ఇవి.
చివర పట్టుకుని లాగితే సాగింది, తెగలేదు.
నాణ్యమైన సరుకు.
సూపర్‌వైజరైనా ఒక్క మాట అనలేడు.
పోగు చివర, ఒళ్లంతా తెలుపు, తల మాత్రం గోధుమరంగు,
ఆ పనివాడు.

సందు చివర కొట్లో స్ప్రే డబ్బా నూట తొంభై.
ఎదురింటి పారమ్మప్ప చెయ్యి అడ్డం పెట్టింది.
"తినే గింజ పక్కన ఇసం కొడతావేటి, ఎర్రోడా?
పాల్గుణమాసం ఎండుంది. డబ్బులడగదు."

దింపాను. అన్నీ.
బియ్యం, కందిపప్పు, గంటెలు, బొంబాయి రవ్వ,
పోపులడబ్బాలో ఐదు గదులూ.
పాడైన పిండి కోళ్లకి పోశాను.
పెరట్లో పాతచీర మీద బియ్యం పరిస్తే
పదకొండు దాటేసరికి
పురుగులు అంచుకి నడిచాయి,
షిఫ్టు దిగి గేటుకి పోతున్నట్టు,
తోసుకోకుండా, తల వంచుకుని.
కోళ్లని ఒక చేత్తో బియ్యం మీంచి తోలుతూ
ఇంకో చేత్తో అంచువైపు పిలుస్తూ
ఆ పూట నేనే సూపర్‌వైజర్ని.

"వేపాకు నీడనే ఎండాల, పచ్చిదేస్తే బూజొస్తాది.
కందిపప్పుకి ఆముదం, సెయ్యి తడిసీ తడవనట్టు.
బియ్యంలో ఎండుమిరపకాయలు, తొడిమలతోటి.
గుడ్డమూటలో వసకొమ్ము.
మూలలు సూదితో గీకాల, సీపురుకి అందవవి."
గీకాను.
నిమ్మచెక్కతో, ఉప్పునీళ్లతో అరలు తుడిచాను.
"మరి రెక్కలొచ్చినవి?" అడిగాను.
"అవేటీ తినవు.
తిండంతా పురుగప్పుడే అయిపోనాది.
గుడ్లెట్టి సచ్చిపోతాయి."
కాసేపు
సూది కదల్లేదు.

ఇంత చేసినా నాలుగో రోజు దీపాలవేళకి మళ్లీ రెండు.
ఎక్కడనుంచి?
అటకెక్కాను.
ఇత్తడి బిందె వెనక మూతి కట్టిన గోనె.
నిరుడు నేనే తెచ్చాను, కుట్టు చూస్తే మాదే.
విత్తనానికని దాచి మరిచిపోయిన కుంచెడు చోళ్లు.
విప్పితే చోళ్లు కనపడలేదు,
తెల్లటి గుడ్డ కనపడింది.
మా నేతమీద వాటి నేత.
విడదీద్దామని చూశాను, గోరు ఆడలేదు.
కాగులో నీళ్లు మరగబెట్టి మొత్తం ముంచేశాను.

రాత్రి ఆదెమ్మ డబ్బాలు ఒక్కొక్కటీ వాసన చూసింది.
"అంబలి సేదొచ్చిందంటే కుండెడూ నీకే పోస్తాను."
వసకొమ్ము మూటని మాత్రం
దీపం దగ్గరికి తీసుకెళ్లి
"ఈ ముడెవులేసినారు?" అంది.
తిప్పి చూసింది. విప్పలేదు.

పారమ్మప్ప లెక్కన ఇంకా ఐదు మంగళవారాలు ఎండెయ్యాలి.
మిల్లు గేటు నోటీసులో తేదీ లేదు.
ఇదిగో, ఇప్పుడే గోడమీద ఒకటి వాలింది.
చేతులు రెండూ లేపి ఆగాను.
ఆదెమ్మ నిద్రపోతోంది,
నాలుగున్నరకి లేవాలి.
చప్పుడు కాకుండా కొట్టడం
నాకింకా రాలేదు.